పంటి ఇంప్లాంట్‌కు ముందూ తరువాతా పొగ మానడం ఎలా

పొగ తాగే అలవాటున్నవారు పంటి ఇంప్లాంట్ వేయించుకోవాలనుకున్నప్పుడు సాధారణంగా శస్త్రచికిత్స తేదీని ముందు ఖాయం చేసుకుని, సిగరెట్ సంగతి ఆ రోజు దగ్గరపడ్డాక చూసుకుందామనుకుంటారు. ఈ వరుసను తిరగవేయాలి. పొగ మానే తేదీని మీరు ముందుగా నిర్ణయించుకుని, దాన్ని బట్టి శస్త్రచికిత్స తేదీని ఇవ్వమని దంతవైద్యుడిని అడగాలి. ఇంప్లాంట్ నిలబడడం వైద్యుడి చేతి నైపుణ్యం మీద ఎంత ఆధారపడి ఉంటుందో, శస్త్రచికిత్సకు ముందు కొన్ని వారాలూ ఆ తరువాత రెండు మూడు నెలలూ మీ దవడ ఎముకకు రక్తం ఎలా అందుతుందన్న దానిపైనా అంతే ఆధారపడి ఉంటుంది.

పొగ ఎక్కడ దెబ్బ తీస్తుందో ముందు తెలుసుకోండి

ఇంప్లాంట్ అంటే పంటి వేరు స్థానంలో దవడ ఎముకలోకి బిగించే చిన్న టైటానియం మర. టైటానియంతో ఎముక నేరుగా అతుక్కుంటుందన్న సంగతిని స్వీడన్‌కు చెందిన పెర్-ఇంగ్వార్ బ్రానెమార్క్ 1950లలో కుందేళ్లపై పరిశోధన చేస్తున్నప్పుడు గమనించారు. 1965లో తొలిసారి ఒక మనిషి దవడలో ఇలాంటి ఇంప్లాంట్లను అమర్చారు. ఈ అతుక్కోవడం జిగురు పట్టినట్టు వెంటనే జరిగేది కాదు. మర చుట్టూ కొత్త రక్తనాళాలు పుట్టాలి, వాటి వెంట ఎముకను నిర్మించే కణాలు చేరాలి, అవి కొత్త ఎముకను పేర్చాలి. వీటన్నిటికీ ఆక్సిజన్ నిండుగా ఉన్న రక్తం కావాలి.

పొగ ఈ పనికి ఒకే చోట కాకుండా అనేక చోట్ల అడ్డుపడుతుంది. నికోటిన్ చిన్న రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, ముడుచుకున్న ఆ నాళాల్లో ప్రవహించే కొద్దిపాటి రక్తం కూడా మోయవలసినంత ఆక్సిజన్‌ను మోయలేదు. కణాలు ఆ ఆక్సిజన్‌ను వాడుకునే ప్రక్రియను పొగలోని హైడ్రోజన్ సయనైడ్ దెబ్బతీస్తుంది. బ్యాక్టీరియాను ఎదుర్కొనే తెల్లరక్తకణాల పనితీరు మందగిస్తుంది. ఇవి చాలవన్నట్టు, గాయం ఉన్న చోటే వేడి పొగ నేరుగా తగులుతుంది.

పై దవడ ఎముక కింది దవడ ఎముకంత గట్టిగా ఉండదు. స్పాంజిలా గుల్లగా ఉండే భాగం అందులో ఎక్కువ. అందుకే పొగ వల్ల కలిగే నష్టం పై దవడ ఇంప్లాంట్లలో ఎక్కువగా కనిపిస్తుంది. మీకు పై దవడలో ఇంప్లాంట్ వేయవలసి ఉంటే ఈ వ్యాసంలోని గడువులను కనీస గడువులుగానే తీసుకోండి.

అంకెల సంగతి కూడా చెప్పుకోవాలి. 1993లో బెయిన్, మోయ్ అనే ఇద్దరు దంతవైద్యులు 540 మందిలో అమర్చిన 2,194 ఇంప్లాంట్లను పరిశీలించినప్పుడు, పొగ తాగనివారిలో 4.76 శాతం, తాగేవారిలో 11.28 శాతం విఫలమయ్యాయి. ఆ తరువాత ఇంప్లాంట్ల ఉపరితలాన్ని గరుకుగా తయారుచేసే పద్ధతులు వచ్చి అందరిలోనూ వైఫల్యాలు తగ్గాయి గానీ, పొగ తాగేవారిలో అవి సుమారు రెట్టింపుగా ఉండడం తరువాతి పరిశీలనల్లోనూ కనిపిస్తూనే ఉంది. ఈ అంకెలను రెండో వైపు నుంచి కూడా చదవవలసి ఉంది: పొగ తాగేవారిలోనూ అత్యధికుల ఇంప్లాంట్లు నిలబడ్డాయి. అందుచేత, పొగ తాగేవారికి ఇంప్లాంట్ పనికిరాదని చెప్పడం సరికాదు, తాగినా ఏమీ కాదని చెప్పడమూ సరికాదు. ఒక ఇంప్లాంట్ విఫలమైతే పోయేది ఆ మర ఒక్కటే కాదని మాత్రం గుర్తుంచుకోండి. దానితోపాటు చుట్టూ ఉన్న ఎముక కొంత కరిగిపోతుంది, రెండోసారి ప్రయత్నించాలంటే ముందుగా ఎముకను పెంచే చికిత్స అవసరం కావచ్చు.

మొదటి సంప్రదింపుకు వెళ్లే ముందు

ఒక వారం పాటు మీరు తాగే ప్రతి సిగరెట్‌నూ, తాగిన సమయంతో సహా రాసి పెట్టుకోండి. నోటి లెక్క దాదాపు ఎప్పుడూ తక్కువే వస్తుంది. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తున్నారో ప్రత్యేకంగా గమనించండి. అరగంట లోపే అయితే నికోటిన్‌పై మీ శరీరం బలంగా ఆధారపడి ఉందని అర్థం, మానడానికి మందుల సాయం మీకు అవసరం కావచ్చు. ఎన్నేళ్లుగా తాగుతున్నారో కూడా రాయండి. రోజుకు తాగే పెట్టెల సంఖ్యను ఏళ్ల సంఖ్యతో గుణిస్తే వచ్చే అంకె వైద్యులకు బాగా ఉపయోగపడుతుంది: రోజుకు 20 సిగరెట్ల పెట్టెలో సగం చొప్పున ఇరవై ఏళ్లు తాగినవారిదీ, రోజుకు పూర్తి పెట్టె చొప్పున పదేళ్లు తాగినవారిదీ ఒకే లెక్క, అంటే పది. చుట్ట, హుక్కా, వేపింగ్ (ఎలక్ట్రానిక్ సిగరెట్), నమిలే పొగాకు వంటివి ఏవి ఉన్నా చెప్పాలి. నమిలే పొగాకును బుగ్గలో పెట్టుకునే అలవాటుంటే, ఏ వైపు పెట్టుకుంటారో కూడా చెప్పండి.

ఈ లెక్కను తగ్గించి చెప్పడం వల్ల మీకు ఏ లాభమూ లేదు. ఎముకను ఎన్ని నెలలు మాననివ్వాలి, ఇంప్లాంట్‌ను చిగురు కింద పూర్తిగా కప్పి ఉంచాలా, అదే రోజు తాత్కాలిక దంతం పెట్టవచ్చా అన్న నిర్ణయాలను వైద్యుడు మీరిచ్చిన సమాచారాన్ని నమ్మే తీసుకుంటాడు. మధుమేహం ఉంటే ఇటీవలి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) ఫలితాన్ని వెంట తీసుకెళ్లండి. అదుపులో లేని చక్కెర, పొగ రెండూ కలిసినప్పుడు గాయం మానడం మరింత ఆలస్యమవుతుంది. ఎముకల బలానికి మందులు వాడుతున్నట్టయితే వాటి పేర్లు తప్పక చెప్పాలి, ఎందుకంటే వాటిలో కొన్ని దవడ ఎముక మానే తీరును మారుస్తాయి.

చిగుళ్ల విషయంలో పొగ తాగేవారు సులువుగా మోసపోతారు. మామూలుగా చిగుళ్ల వ్యాధి బ్రష్ చేసేటప్పుడు రక్తం కారడంతో బయటపడుతుంది. పొగ తాగేవారిలో చిగుళ్లకు రక్తప్రసారం మారిపోయి ఉండడం వల్ల, లోపల వ్యాధి ముదిరినా రక్తం అంతగా కనిపించదు. నా చిగుళ్లు బాగానే ఉన్నాయని మీకు అనిపించినంత మాత్రాన సరిపోదు. ప్రతి పంటి చుట్టూ చిగురు ఎంత లోతుగా విడిపోయిందో కొలిచి చూడమనీ, ఎక్స్-రేలో ఎముక మట్టం ఎలా ఉందో చూపమనీ అడగండి. వ్యాధి ఉంటే దానికి చికిత్స పూర్తయ్యాకే ఇంప్లాంట్ సంగతి ఆలోచించాలి, లేకపోతే పాత పళ్ల చుట్టూ పెరిగిన బ్యాక్టీరియా కొత్త ఇంప్లాంట్ చుట్టూ చేరుతుంది.

ఎముక సరిపోతుందా, లేక ఎముక అంటు (ఎముక తక్కువైన చోట ఎముక పదార్థాన్ని చేర్చడం) గానీ పై దవడలో సైనస్ (ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గది) అడుగును ఎత్తే చికిత్స గానీ అవసరమా అన్న ప్రశ్నకు కూడా ఈ సంప్రదింపులోనే సమాధానం రాబట్టండి. ఆ చికిత్సల్లో మానవలసిన గాయం పెద్దది, పొగ వల్ల జరిగే నష్టమూ ఆ మేరకు పెద్దది. అంటు అవసరమైతే పొగ మానవలసిన కాలాన్ని ఇంప్లాంట్ రోజు నుంచి కాక, అంటు వేసే రోజుకు ముందు నుంచే లెక్కించాలి.

తేదీలు నిర్ణయించుకోవడం

పైన పేర్కొన్న ఇద్దరిలో ఒకరైన బెయిన్ 1996లో ఒక పద్ధతిని ప్రచురించారు: ఇంప్లాంట్‌కు కనీసం ఒక వారం ముందు పొగ మానాలి, తరువాత కనీసం ఎనిమిది వారాలు తాగకూడదు. దాన్ని పాటించినవారిలో వైఫల్యాలు పొగ తాగనివారి స్థాయికి దగ్గరగా వచ్చాయి. ఇప్పటికీ చాలామంది దంతవైద్యులు చెప్పే గడువుకు మూలం ఇదే.

వారం అన్నది కనీస గడువు. కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లోనే రక్తం నుంచి పోతుంది, నికోటిన్ కూడా త్వరగానే పోతుంది; అయినా మీరు నాలుగు వారాల ముందే మానడం మేలని నా అభిప్రాయం. దీనికి కారణం శరీరంకన్నా మనసుకు సంబంధించినది. పొగ మానిన తరువాత చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత లోపించడం, తాగాలన్న తపన మొదటి రెండు మూడు రోజుల్లో తీవ్రంగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుముఖం పడతాయి. శస్త్రచికిత్స రోజే మానితే ఆ మూడు రోజులూ, గాయం వాచి నొప్పిగా ఉండే మూడు రోజులూ ఒకటే అవుతాయి. కొత్త గాయం ఉన్న నోటితో, సరిగా తినలేని స్థితిలో, నిద్ర లేకుండా అంతటి తపనను తట్టుకోవలసిన అవసరాన్ని మీ అంతట మీరు కొనితెచ్చుకోవద్దు.

అందువల్ల క్యాలెండర్ తీసుకుని ఇలా చేయండి. పని ఒత్తిడి గానీ వేడుకలు గానీ తక్కువగా ఉన్న ఒక వారాన్ని చూసి, అందులో ఒక రోజును పొగ మానే రోజుగా గుర్తించండి. అక్కడి నుంచి నాలుగు వారాలు లెక్కపెట్టి, ఆ తరువాతి తేదీని శస్త్రచికిత్సకు అడగండి. దాని తరువాత ఎనిమిది వారాల వరకు గీత గీయండి. పై దవడ అయితే, లేదా ఎముక అంటు వేసి ఉంటే, ఆ గీతను క్యాప్ (ఇంప్లాంట్ పైన అమర్చే కృత్రిమ దంతం) బిగించే రోజు వరకు పొడిగించండి. మానిన మొదటి పది రోజుల్లోనే మళ్లీ తాగడం మొదలుపెడితే దంతవైద్యుడికి ఫోన్ చేసి శస్త్రచికిత్సను వాయిదా వేయమని అడగండి. వాయిదా వేయడం వల్ల పోయేది కొంత సమయం మాత్రమే.

మానడానికి బదులు తగ్గిస్తే చాలదా అని అడిగేవారుంటారు. ఎక్కువ తాగేవారికి ముప్పు ఎక్కువన్నది నిజమే కాబట్టి తగ్గించడం వృథా కాదు. కానీ సంఖ్య తగ్గినప్పుడు మనిషి తనకు తెలియకుండానే ఒక్కో సిగరెట్‌ను మరింత లోతుగా, చివరి వరకు పీలుస్తాడు, దానితో శరీరానికి అందే నికోటిన్ అనుకున్నంతగా తగ్గదు. తక్కువ నికోటిన్ అని చెప్పే సిగరెట్లకు మారినా జరిగేది ఇదే. వేపింగ్‌లో మండే పొగాకు లేకపోవచ్చు గానీ, రక్తనాళాలను ముడిచే నికోటిన్ ఉంటుంది, ఆవిరి గాయం మీదుగానే పోతుంది. దాన్ని గాయం మానే కాలంలో సురక్షితమైన ప్రత్యామ్నాయంగా భావించవద్దు.

నిజాయితీగా ప్రయత్నించినా ఇప్పట్లో మానలేనని మీకు తెలిస్తే, ఆ మాటనే వైద్యుడితో చెప్పి బ్రిడ్జ్ (పక్క పళ్ల ఆధారంతో నిలిపే కట్టుడు పన్ను) గురించి గానీ, తీసి పెట్టుకునే పళ్ల సెట్టు గురించి గానీ మాట్లాడండి. వాటికి వాటి లోపాలున్నాయి, కానీ ఎముకలో మర అతుక్కోవలసిన అవసరం వాటికి లేదు.

మానడానికి సాయం తీసుకోవడం

సంకల్పబలంతోనే మానాలన్న పట్టుదల మంచిదే గానీ, ఇక్కడ మీకు గడువు ఉంది కాబట్టి సాయం తీసుకోవడంలో సంకోచించవద్దు. నికోటిన్ ప్యాచ్ (చర్మానికి అంటించుకునే పట్టీ), గమ్, లాజెంజ్ (చప్పరించే బిళ్ల) అన్నవి పొగ లేకుండా నికోటిన్‌ను కొద్ది మోతాదులో అందిస్తాయి. నికోటిన్ రక్తనాళాలకు మంచిది కాదని పైన చదివినవారికి ఇది వింతగా తోచవచ్చు. అయితే ప్యాచ్‌లో కార్బన్ మోనాక్సైడ్ లేదు, సయనైడ్ లేదు, వేడి లేదు, సిగరెట్ ఇచ్చే ఉధృతమైన మోతాదూ లేదు. సిగరెట్, ప్యాచ్ ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవలసి వస్తే ప్యాచ్‌నే ఎంచుకోవాలి. రోజుకు పదికి మించి తాగేవారికి సాధారణంగా 21 మిల్లీగ్రాముల ప్యాచ్‌తో మొదలుపెట్టి క్రమంగా తగ్గిస్తారు.

ఇంప్లాంట్ వేయించుకునేవారికి గమ్ కన్నా ప్యాచ్ నయం. గమ్‌ను కొద్దిగా నమిలి బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచుకోవాలి. తాజా గాయం పక్కన నమలడమూ మంచిది కాదు, అక్కడ నికోటిన్ ఊరడమూ మంచిది కాదు. శస్త్రచికిత్సకు ముందు వారాల్లో గమ్ వాడినా, ఆ తరువాత ప్యాచ్‌కు మారే విషయం వైద్యుడిని అడగండి. వేరెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలు వైద్యుడు రాసిస్తేనే వాడవలసినవి. వేరెనిక్లిన్‌ను సాధారణంగా మానే రోజుకు ఒక వారం ముందు, బుప్రోపియాన్‌ను ఒకటి రెండు వారాల ముందు మొదలుపెడతారు కాబట్టి, క్యాలెండర్‌లో వీటికీ చోటు ఉంచాలి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్నవారికి బుప్రోపియాన్ పనికిరాదు.

కాఫీ గురించి ఇక్కడ ఒక మాట. పొగలోని కొన్ని పదార్థాలు కెఫీన్‌ను కాలేయం త్వరగా విరిచేసేలా చేస్తాయి. పొగ మానగానే ఆ వేగం తగ్గి, అలవాటైన అవే రెండు మూడు కప్పుల కాఫీ రక్తంలో ఎక్కువ కెఫీన్‌ను మిగులుస్తుంది. దాంతో కలిగే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం సిగరెట్ లేకపోవడం వల్లే అని పొరబడతారు. మానిన రోజు నుంచే కాఫీని సగానికి తగ్గించి చూడండి. కొన్ని మందుల మోతాదు కూడా ఇదే కారణంగా మార్చవలసి రావచ్చు, కాబట్టి దీర్ఘకాలంగా మందులు వాడేవారు పొగ మానుతున్నామని తమ వైద్యుడికి చెప్పాలి.

శస్త్రచికిత్స రోజు, మొదటి వారం

తొలి ఇరవై నాలుగు గంటల్లో గాయంపై గడ్డకట్టిన రక్తమే దానికి కప్పు. దాన్ని కదిలించే పనులేవీ చేయవద్దు: స్ట్రాతో పీల్చవద్దు, గట్టిగా ఉమ్మవద్దు, పదేపదే పుక్కిలించవద్దు. సిగరెట్ పీల్చడం ఒక్కసారికే ఈ నష్టాలన్నిటినీ కలిపి తెస్తుంది, నోట్లో పుట్టే ఆ లాగుడు గడ్డను కదిలిస్తే వేడి పొగ గాయాన్ని కాలుస్తుంది. తల కొద్దిగా ఎత్తుగా పెట్టుకుని పడుకోండి, మెత్తని ఆహారం తీసుకోండి, వైద్యుడు రాసిన మందులను చెప్పిన సమయానికే వేసుకోండి. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందు ఇస్తే, ఎప్పుడు మొదలుపెట్టాలో ఎన్ని రోజులు వాడాలో అడిగి తెలుసుకోండి. అది పళ్లకు గోధుమ మరకలు పట్టిస్తుంది, పొగాకు తోడైతే ఆ మరకలు మరింత ముదురుతాయి.

మూడో వారం, నాలుగో వారం

పొగ మానినవారు ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసిన కాలం ఇదే. వారం తిరిగేసరికి నొప్పి, వాపు తగ్గిపోతాయి. కుట్లు తీసేస్తారు లేదా అవే కరిగిపోతాయి. చిగురు కలిసిపోయి కనిపిస్తుంది. అంతా మానిపోయింది, ఇక ఒకటి తాగితే ఏమవుతుంది అన్న ఆలోచన సరిగ్గా అప్పుడే వస్తుంది.

లోపల జరుగుతున్నది దీనికి భిన్నంగా ఉంటుంది. అమర్చిన రోజున ఇంప్లాంట్ నిలబడేది కేవలం బిగుతు వల్ల, అంటే మరను గట్టి ఎముకలో తిప్పడం వల్ల. ఆ తరువాతి వారాల్లో, రంధ్రం చేసేటప్పుడూ బిగించేటప్పుడూ దెబ్బతిన్న ఎముక పొరను శరీరం తొలగిస్తుంది. ఆ చోట కొత్త ఎముకను పేరుస్తుంది. పాత బిగుతు సడలుతూ ఉండగా కొత్త ఎముక పట్టు ఇంకా పూర్తిగా రాని దశ ఒకటి ఉంటుంది, అది చాలావరకు మూడు, నాలుగు వారాల్లో పడుతుంది. ఇంప్లాంట్ పట్టు మొదటి రోజుకన్నా అప్పుడే తక్కువగా ఉంటుంది. పొలంలో కొత్తగా పాతిన గుంజను మట్టి పట్టకముందే ఊపితే అది ఎలా నిలవదో, ఆ వారాల్లో ఇంప్లాంట్ కూడా అంతే. దాని చుట్టూ రక్తప్రసారం తగ్గినా, గట్టి ఆహారం కొరకడం వల్ల అది సూక్ష్మంగా కదిలినా, ఎముకకు బదులు మెత్తని పీచు కణజాలం ఏర్పడి ఇంప్లాంట్ వదులుగానే మిగిలిపోతుంది.

కాబట్టి నొప్పి లేకపోవడాన్ని ఎముక మానిందనడానికి గుర్తుగా తీసుకోవద్దు. క్యాలెండర్‌లో ఆ రెండు వారాలను ముందే వేరే రంగుతో గుర్తించి పెట్టుకోండి. ప్యాచ్‌ను ఆ వారాల్లో ఆపవద్దు, మోతాదును కూడా అప్పుడు తగ్గించవద్దు. సిగరెట్ చేతికి అందే చోట్లకు, ముఖ్యంగా మీతో కలిసి తాగే స్నేహితుల దగ్గరకు, ఆ పక్షం రోజులు వెళ్లకుండా ఉండేందుకు ముందే ఏదైనా సాకు చూసుకోండి. తపన వచ్చినప్పుడు అది సాధారణంగా కొన్ని నిమిషాలే ఉంటుంది. లేచి నడవడమో, చల్లని నీళ్లు నెమ్మదిగా తాగడమో, ఎవరికైనా ఫోన్ చేయడమో చేస్తే ఆ నిమిషాలు గడిచిపోతాయి.

మధ్యలో తాగితే

ఒక సిగరెట్ తాగారంటే ఇంప్లాంట్ పోయిందని కాదు. అంతా చెడిపోయిందన్న నిరాశతో మిగతా పెట్టె ఖాళీ చేయడమే అసలు ప్రమాదం. వెంటనే మళ్లీ ఆపండి, ప్యాచ్‌ను వైద్యుడు చెప్పిన ప్రకారం కొనసాగించండి, తరువాతి పరీక్ష రోజున దాచకుండా చెప్పండి. మాటిమాటికీ జరుగుతుంటే పరీక్ష తేదీ దాకా ఆగకుండా ముందే చెప్పాలి. క్యాప్ బిగించే తేదీని వెనక్కి జరిపి ఎముకకు మరికొంత కాలం ఇవ్వడానికి అప్పుడు వైద్యుడికి వీలుంటుంది. ఒకసారి క్యాప్ బిగించి నమలడం మొదలయ్యాక ఆ వీలు ఉండదు.

క్యాప్ బిగించిన తరువాత

ఎనిమిది వారాలు దాటాక మళ్లీ మొదలుపెట్టవచ్చా అంటే, ఎముక పట్టిన ఇంప్లాంట్‌కు కూడా పొగ శత్రువే. సహజమైన పంటి వేరులోకి చిగురు పీచులు దిగి ఉంటాయి, వేరుకూ ఎముకకూ మధ్య రక్తనాళాలున్న ఒక పొర ఉంటుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు, చిగురు దాన్ని ఆనుకుని ఉంటుందే తప్ప దానిలోకి దిగదు. అక్కడ పాచి చేరి వాపు మొదలైతే అది ఎముక వైపు త్వరగా పాకుతుంది. చిగురు వరకే ఉన్న వాపును శుభ్రం చేసి నయం చేయవచ్చు. ఎముక కరగడం మొదలైతే పోయిన ఎముకను తిరిగి తెప్పించడం చాలా కష్టం. పొగ తాగేవారిలో ఈ ఎముక నష్టం ఎక్కువ.

క్యాప్ బిగించిన రోజున ఒక ఎక్స్-రే తీయించి, దాని ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి. మొదటి ఏడాదిలో ఎముక మట్టం కొద్దిగా తగ్గడం మామూలే, ఆ తరువాత ఏటా 0.2 మిల్లీమీటర్లకు మించి తగ్గకూడదన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలమానం. పోల్చడానికి మొదటి ఎక్స్-రే లేకపోతే ఆ కొలతకు అర్థం లేదు. క్యాప్ కింద, పక్క పళ్లతో కలిసే చోట సన్నని ఇంటర్‌డెంటల్ బ్రష్‌తో రోజూ శుభ్రం చేయండి. పొగ తాగే అలవాటు ఉన్నవారు, ఇటీవలే మానినవారు మొదట్లో మూడు నెలలకొకసారి పరీక్షకు వెళ్లడం మంచిది.

పొగ మానిన కొత్తలో, బ్రష్ చేసేటప్పుడు అంతకుముందు లేని రక్తం కనిపించవచ్చు. చిగుళ్లకు రక్తప్రసారం మెరుగుపడి, అప్పటిదాకా కప్పి ఉన్న వాపు బయటపడడం దీనికి కారణం. దీన్ని చూసి భయపడి మళ్లీ పొగ అందుకోవద్దు. బ్రష్ చేయడం మానవద్దు. చిగుళ్లను పరీక్ష చేయించుకోండి.

ఇంప్లాంట్ చుట్టూ చీము రావడం, చిగురు ఎర్రగా ఉబ్బడం, మర లోహం బయటికి కనిపించడం, నమిలినప్పుడు నొప్పి రావడం, వీటిలో ఏది కనిపించినా రెండు మూడు రోజుల్లో వైద్యుడికి చూపించాలి. ఎముకతో కలిసిన ఇంప్లాంట్ వేలితో కదిపితే ఏమాత్రం కదలకూడదు. కదులుతున్నట్టు అనిపిస్తే అది క్యాప్‌ను పట్టి ఉంచే లోపలి స్క్రూ వదులవడం వల్ల కావచ్చు, అదైతే బిగించి సరిచేయవచ్చు. ఇంప్లాంటే కదులుతోందా అన్నది పరీక్ష చేసి, ఎక్స్-రే తీసి వైద్యుడే తేల్చాలి. ఈలోగా దాన్ని నాలుకతో గానీ వేలితో గానీ కదుపుతూ చూడవద్దు, ఆ వైపు నమలవద్దు. క్యాప్ ఊడి చేతికి వస్తే ఇంట్లో జిగురుతో అతికించకుండా, ఒక శుభ్రమైన డబ్బాలో వేసి వెంట తీసుకెళ్లండి.